ఆఫీసు పంపిన మనిషి

"మీతో ఎవరొచ్చారు?" అంది నర్సు దెసంక.

"డ్రైవరు."

"డ్రైవరు సూట్‌కేసుకి. మీకెవరు?"

వుకాశిన్ తెల్లబోయాడు. బెల్‌గ్రేడ్‌లో పెద్ద సిమెంటు కంపెనీకి డైరెక్టరు. ఆయన్ని అలా అడిగినవాళ్ళు లేరు.

ఇంకా తాగితే లివరు మిగలదని డాక్టర్లు తేల్చేశాక, తాగుడు మాన్పించే ఈ కొండమీది ఆస్పత్రికి వచ్చాడు.

"ఒంటరిగా ఎవర్నీ ఉంచుకోం" అంది దెసంక. "సహాయకుడు ఉండాలి. ప్రతి గురువారం జరిగే రోగుల సభలో మీ పక్కన కూర్చోవాలి. మీరు తాగితే తాగారని చెప్పాలి. మీతోపాటు తనూ మానేయాలి."

"అలాంటివాడు లేకపోతే?"

"ఇంటికే. గురువారం దాకా చూస్తాం."

వేరుగా ఉంటున్న భార్యకు ఫోన్ చేశాడు.

"చాలు వుకాశిన్" అని పెట్టేసింది.

కూతురు ఎత్తలేదు.

ఫోన్‌లో పేర్లు చాలా ఉన్నాయి. పైనుంచి కిందికి చూశాడు. కిందినుంచి పైకి చూశాడు.

చివరికి ఆఫీసుకే చేసి ఆస్పత్రి షరతులు చెప్పాడు.

"ఒక సహాయకుణ్ణి పంపు" అన్నాడు సెక్రటరీతో. ఫైలు పంపమన్నట్టే అన్నాడు.

గురువారం ఒక ముసలాయన వచ్చాడు. పాత కోటు. చేతిలో ఆపిల్ పళ్ళ సంచి.

"నా పేరు తనాసియె. మీ సహాయకుణ్ణండి."

"ఏ సెక్షను?"

"ఏదైతేనేం లెండి. పండు తినండి."

సభలో భర్తల పక్కన భార్యలు, అన్నల పక్కన తమ్ముళ్ళు కూర్చున్నారు. వుకాశిన్ మాత్రం ముసలాయనకు తనకు మధ్య ఒక కుర్చీ వదిలేశాడు.

ఇక ప్రతి గురువారం అంతే. ఆయన వచ్చేవాడు. ఈయన కుర్చీ వదిలేవాడు.

నికోలా పండుగ అయ్యాక వచ్చినప్పుడు ముసలాయన నవ్వుతూ అన్నాడు. "మా ఇంటి వేల్పు పండుగండి. వచ్చినవాళ్ళకు సారా బదులు నిమ్మరసం పోశాను. మా బావమరిది అలిగి, గొడుగు కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు."

"నాకెందుకు చెబుతున్నావ్? ప్రమోషన్ కోసమా?"

"ఈ వయసులోనా!" అని మళ్ళీ నవ్వాడు.

ఆ రోజు సభలో డాక్టరు అడిగాడు. "మీ మనిషి ఎలా ఉన్నాడు తనాసియె?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. "నిజం చెప్పాలి కదండీ. ఈయన షేవింగ్ లోషన్ సీసాలో ఉన్నది గడ్డానికి రాసుకునేది కాదు."

అందరూ నవ్వారు. వుకాశిన్ మొహం కందిపోయింది.

"ఆఫీసు నిన్ను నా మీద నిఘాకి పెట్టిందా? నీ ఉద్యోగం పీకేస్తా!"

"పీకేయండి బాబూ. వచ్చే గురువారం మాత్రం వస్తాను."

డాక్టరు సీసా తెప్పించి వాసన చూశాడు. "మామూలుగా అయితే ఈపాటికి పంపించేసేవాళ్ళం. మీ వెనక ఈయన ఉన్నాడు కాబట్టి ఆగుతున్నాం."

వుకాశిన్ నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి కాపలావాడిమీద అరిచాడు.

"ఆ ముసలాణ్ణి ఇంకోసారి లోపలికి రానిస్తే ఊరుకోను."

"ఆలోచించుకోండి" అంది వెనకే వచ్చిన దెసంక.

"మా ఆఫీసులో మనుషులకు కరువా?"

మరుసటి గురువారం మంచు పడుతోంది. ముసలాయన గేటు బయట కాసేపు నిలబడ్డాడు. గొడవ చేయలేదు. సంచి కాపలావాడికిచ్చి, "చలికి పగిలిపోతాయి, లోపల పెట్టు" అని కొండ దిగిపోయాడు.

సభలో వుకాశిన్‌కు రెండు పక్కలా ఖాళీ.

"సాయంత్రం లోపు ఎవరైనా రావాలి. లేదంటే సర్దుకోండి" అన్నాడు డాక్టరు.

వుకాశిన్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. "ఆ ముసలాడు పనికిరాడు. ఇంకొకణ్ణి పంపు, వెంటనే."

"ఏ ముసలాయన సార్?"

"మీరు పంపినవాడే!"

"మేమెవర్నీ పంపలేదు సార్. అందర్నీ అడిగాం. మీతోపాటు తాగుడు మానేయాలి అనేసరికి ఒక్కరూ తలెత్తలేదు."

"మరి తనాసియె?"

"ఆయన వచ్చాడా సార్? ఎవరో చెప్పుకుంటుంటే విని, ఆస్పత్రికి దారి అడిగి వెళ్ళాడు. ఎక్కడుంటాడో కూడా తెలీదు."

"ఎవరతను?"

"తాగి డ్యూటీకి వచ్చాడని, అప్పట్లో అందరూ చూస్తుండగా మీరు గేటు బయటికి గెంటించారే, ఆ వాచ్‌మన్ సార్."