మేస్త్రికి ఒక వరస

"పట్టుకో మేస్త్రీ, ఈ ఓవర్ నీదే," అంటూ బస్సు డ్రైవరు అతని చేతిలో బంతి కుక్కాడు.

వడ్రంగి మేస్త్రి బంతి వంక చూశాడు. అవతల బ్యాటు నేలకు తాటిస్తూ నిలబడిన లెక్కల మాస్టారి వంక చూశాడు. వేరే ఎవరికైనా ఇవ్వమని గొణిగాడు.

"ఎవరికివ్వను? దర్జీకిస్తే బంతి వెయ్యడానికి ముందు కొలతలు తీస్తాడు. మాస్టారొక్కడు అవుటైతే ఆట మనదే. పందెం గుర్తుంది కదా?"

మేస్త్రికి గుర్తు లేకపోవడమేమిటి, రాత్రంతా దాని గురించే దొర్లాడు.

పగలు పనులు చేసుకునేవాళ్లు సాయంత్రాలు పదో తరగతి చదువుకునే బడి అది. తలలు నెరిసింది పిల్లలకి, మీసాలు ఇంకా కుదురుకోనిది మాస్టార్లకి. రేపటినుంచి పరీక్షలు, ఆ తరవాత ఎవరి దారి వాళ్లది కాబట్టి ఆఖరి ఆదివారం సరదాగా ఒక ఆట పెట్టుకున్నారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల కోరిక ఒకటి తీర్చాలి. మాస్టార్లు గెలిస్తే విద్యార్థులంతా మైదానం మధ్య నిలబడి పదమూడో ఎక్కం అప్పజెప్పాలట. విద్యార్థుల కోరిక ఏమిటో డ్రైవరు బయటపెట్టలేదు. మేస్త్రి చెవిలో మాత్రం చెప్పాడు.

"గెలిస్తే ఆయన చేత నిన్ను వరస పెట్టి పిలిపిస్తా."

లెక్కల మాస్టారిది మంచి నోరు. డ్రైవరును బాబాయ్ అంటాడు. దర్జీని అన్నయ్యా అంటాడు. హాస్టల్లో వంట చేసే ఆవిడను అత్తా అని పిలిచి, కొసరి కొసరి చెప్పి, ఆవిడకు భిన్నాలు కూడా నేర్పించాడు. ఒక్క మేస్త్రికే ఏ వరసా దక్కలేదు. హాజరప్పుడు నంబరు. లెక్క తప్పితే "మళ్లీ చేయండి". దిద్దిన కాగితం చేతికివ్వకుండా బల్లమీద పెట్టి, మొహం తిప్పుకుని పక్క బెంచీకి వెళ్లిపోయేవాడు.

వాళ్లింటి తలుపు బిగించి ఉంటావు, వానాకాలం ఉబ్బి తెరుచుకోక ఆయన కిటికీలోంచి దూకి ఉంటాడు, అందుకే ఈ కక్ష అని దర్జీ ఏడిపించేవాడు. మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. కానీ డ్రైవరును బాబాయ్ అన్నప్పుడల్లా తల వంచుకుని, ముల్లులా ఉన్న పెన్సిలునే మళ్లీ చెక్కుకునేవాడు.

అంత చిన్నచూపు పడుతూ ఈ వయసులో ఈ చదువెందుకని వంట చేసే అత్త ఒకసారి అడిగింది.

"నావల్ల ఒకరి చదువు కొన్నాళ్లు ఆగిపోయిందమ్మా. నేను ఏం లాగేసుకున్నానో చూద్దామని వచ్చా."

కట్టుకున్నదాన్ని చదువు మాన్పించి ఉంటాడని వాళ్లంతా అనుకున్నారు.

మొదటి బంతిని మాస్టారు గోడకు కొట్టాడు. మేస్త్రి బంతి పోయిన వైపు చూడనేలేదు. బ్యాటు పట్టుకున్న ఆ చేతులనే చూస్తూ, కొట్టింది తనే అన్నట్టు మొహం వెలిగించుకుని నిలబడ్డాడు.

"మురిసిపోతున్నావేంటయ్యా? మనం ఏ జట్టు?" అని డ్రైవరు కసిరాడు.

రెండో బంతి నెమ్మదిగా వేశాడు. మాస్టారు తొందరపడి ముందుకొచ్చాడు. బంతి బ్యాటు అంచుకు తగిలి గాల్లోకి లేచి, తిన్నగా మేస్త్రి మీదికే దిగింది.

వదిలెయ్యాలనుకున్నాడు. గెలుపూ వద్దు, అడిగి అనిపించుకునే వరసా వద్దు, ఆ చేతుల్లో బ్యాటు ఇంకాసేపు ఉంటే చాలనుకున్నాడు. అతని బతుకులో మనసుకంటే చేతులే ఎప్పుడూ ముందు లేచాయి. ఆ ఆలోచన తెమిలేలోపు బంతి గుప్పిట్లో ఉంది.

మైదానం గోలెత్తిపోయింది. డ్రైవరు మేస్త్రిని ఎత్తి గిరగిరా తిప్పాడు. దించగానే అతను మాస్టారి దగ్గరికి నడిచాడు.

"చూసుకోలేదు... వదిలేద్దామనే అనుకున్నా," అన్నాడు.

మాస్టారు బ్యాటు చంకలో పెట్టుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

"మీరు దేన్నీ వదలరు లెండి," అన్నాడు, ఇంకెవరికీ వినబడకుండా.

ఈలోగా అందరూ చుట్టూ మూగారు. టీ గ్లాసుల పళ్లెంతో అత్త వచ్చింది. డ్రైవరు గొంతు సవరించుకుని, మాకు విందులూ వినోదాలూ అక్కర్లేదు, మా మేస్త్రిని కూడా మాలాగే ఒక్కసారి వరస పెట్టి పిలవండి, అదే మా కోరిక అన్నాడు. మేస్త్రి వద్దని చెయ్యి ఊపాడు. ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు.

మాస్టారి మొహం పాలిపోయింది. పెదవి ఒకసారి కదిలి ఆగింది. మేస్త్రి ఆ పెదవినే చూస్తున్నాడు. చివరికి మాస్టారు పళ్లెంలోంచి ఒక గ్లాసు తీసి అతని ముందు పట్టాడు.

"టీ తీసుకోండి... బాబాయ్."

చప్పట్లు మోగాయి. అత్త కొంగుతో కళ్లద్దుకుంది. దర్జీ మేస్త్రి వీపు చరిచి, ఇన్నాళ్లకు నీకూ ఒక వరస దక్కింది పో అన్నాడు. దక్కిందని మేస్త్రి తల ఊపాడు. టీ చేతిమీద ఒలికి కాలుతున్నా గ్లాసు వదల్లేదు.

మాస్టారు అతని కొడుకు.