తొమ్మిది వాక్యాల వార్త

మేడమ్ అరచేత్తో బల్ల మీద దరువు వేసింది.

"రాప్ అంటే తిట్ల దండకం కాదర్రా. మైకు దొరకనివాళ్లు మైకు లాక్కుని చెప్పిన సాక్ష్యం. తిట్టేవాడి నోరు ఎవడైనా మూయిస్తాడు. సాక్ష్యం చెప్పేవాణ్ణి ఏం చేస్తాడు?"

ఆ కాలేజీలో హిప్ హాప్‌నీ, మీడియానీ, సామాజిక న్యాయాన్నీ ఒకే పాఠంగా చెప్పేది ఆమె ఒక్కతే. ఆమె పరీక్షకి పేపరుండదు. ఒక్కొక్కరి చేతిలో ఒక పాత వార్త పెడుతుంది. అందులో ఎవరి గొంతు లేదో కనిపెట్టి, ఆ గొంతుతో పాట కట్టి, వార్షికోత్సవంలో పాడాలి. నియమం ఒకటే. తప్పు చేసినవాడి పేరు పాటలో ఉండి తీరాలి.

చిటపట అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం. ఆ పిల్ల నోట్లో మాట నానదు, పేలుతుంది. ఆమెకి మేడమ్ ఇచ్చిన వార్త ఇరవై రెండేళ్ల నాటిది. "తాగి బస్సు నడిపిన డ్రైవరు: ముగ్గురి మృతి." మొత్తం తొమ్మిది వాక్యాలు. పోలీసు మాట ఉంది, బస్సు యజమాని మాట ఉంది, ప్రయాణికుడి మాట ఉంది. డ్రైవరు మాట ఒక్కటీ లేదు.

"రాసినవాడి పేరు కూడా లేదు మేడమ్."

"ఎక్కడో ఉంటుంది, వెతుకు. గాలిని తిడితే గాలికే పోతుంది."

చిటపట కోర్టు కాగితాలు తీయించింది. డ్రైవరు రక్తంలో చుక్క మందు లేదని పరీక్షలో తేలింది. బ్రేకులు పట్టడంలేదని అతను యజమానికి రెండుసార్లు రాసిచ్చాడు కూడా. కోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది. ఆ సంగతి మాత్రం ఏ పత్రికా వెయ్యలేదు.

డ్రైవరు ఒక టైర్ల దుకాణంలో పంక్చర్లు వేస్తూ దొరికాడు. ఇంట్లో కూర్చోమంటే తోచదట.

"ఎవరు పంపారమ్మా నిన్ను?"

"మా మేడమ్. ఆ వార్తలో మీ మాట ఒక్కటీ లేదు తాతగారూ. నేను పెడతాను."

అతను ట్యూబుని తొట్టిలో ముంచి, బుడగలు లేచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

"మళ్లీ స్టీరింగు ఎవడూ ఇవ్వలేదు. అదీ పోనీ. మా పిల్లని బళ్లో 'తాగుబోతు కూతురా' అని పిలిచేవాళ్లు. నేను జన్మలో ఒక్క చుక్క..." అంటూ ట్యూబుని మళ్లీ నీళ్లలో ముంచాడు.

చిటపటకి ఒళ్లు మండిపోయింది. వారం రోజులు రాసింది, చింపింది, మళ్లీ రాసింది.

*తొమ్మిది వాక్యాలు, ఊరంతా కళ్లు,*
*నా నోటికి తాళం, నా పేరుకి రాళ్లు.*
*బ్రేకుల్లేని బస్సుని నడిపింది నేను,*
*బ్రేకుల్లేని కలాన్ని నడిపిందెవడు?*

ఆ ప్రశ్న కింద పేరు కోసం జాగా వదిలింది.

పత్రికాఫీసులో ఆ రోజుల్లో పేజీలు కట్టిన పెద్దాయన ఇంకా ఉన్నాడు. వార్త చూసి నవ్వాడు.

"ఇదా! దీంతోనే కదమ్మా అతగాడి దశ తిరిగింది. రక్తపరీక్ష రాకముందే రాసి పారేశాడు. తర్వాత సవరణ వెయ్యనివ్వలేదు. ఇప్పుడు రోజూ టీవీలో నీతులు చెబుతున్నాడుగా." పేరు కూడా చెప్పాడు.

చిటపట రెండు రోజులు క్లాసుకి రాలేదు. మూడో రోజు స్టాఫ్‌రూములో మేడమ్ ముందు నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"పేరు దొరికింది మేడమ్."

"మంచిది."

"మా నాన్న."

మేడమ్ దిద్దుతున్న కాగితం మీంచి తల ఎత్తలేదు.

"ఆ పేరొక్కటీ తీసేసి పాడతాను మేడమ్. వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఆయనే కదా. మొదటి వరుసలో కూర్చుంటారు."

"ఎవరి నాన్నయితే పేరు తీసెయ్యాలి? ఎవరి నాన్నయితే ఉంచాలి? నువ్వే చెప్పు."

చిటపట చేతిలోని పాట కాగితాన్ని మడత పెట్టింది.

"ఇంట్లో అడిగావా ఆయన్ని?"

"అడిగాను. అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్లం, ఎవడో డ్రైవరు గొడవ నీకెందుకన్నారు."

"ఎవడో డ్రైవరు," అంది మేడమ్. ఎర్ర పెన్ను మూత పెట్టింది. "సరే. ఇక నీ ఇష్టం."

వార్షికోత్సవం రోజు హాలు కిక్కిరిసింది. మొదటి వరుసలో ముఖ్య అతిథి. చిట్టచివరి వరుసలో మేడమ్, ఆమె పక్కన ఇస్త్రీ చొక్కాలో డ్రైవరు.

దరువు మొదలైంది. కూతురి గొంతు వినగానే ముఖ్య అతిథి మురిసిపోతూ చప్పట్లు కలిపాడు. తొమ్మిది వాక్యాల దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి. రక్తపరీక్ష దగ్గర కుర్చీలో ముందుకి జరిగాడు.

*బ్రేకుల్లేని కలాన్ని నడిపిందెవడు?*

దరువు ఆగింది. చిటపట మొదటి వరుస వైపు చూసింది. ఇంటిపేరుతో సహా పేరు చెప్పింది. ఇంకో రెండు మాటలు కలిపింది: "మా నాన్న."

ఆ వెంటనే వందల ఫోన్లు పైకి లేచాయి. ముఖ్య అతిథి లేచాడు. నడవ నిండా జనం. ఎటు తిరిగినా ఆయన మొహానికే గురిపెట్టిన ఫోను. స్టేజీ మీద చిటపట మైకు పడేసి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని కూలబడింది.

మేడమ్ ఆ పిల్ల వైపు చూడనైనా లేదు, పక్కనున్న డ్రైవరు చెవి దగ్గరికి వంగి, "విన్నావా నాన్నా?" అంది.