ఏటవాలు బావి

"నా చేతి కింద ఒక్క పైపు గూడ తెగలే. రాసుకో!" అన్నాడు కిషన్ రావు, ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుతూ.

సాయిచైతన్య రాసుకోలేదు. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా ఎండలో నడిచి వచ్చింది ఈ ముసలాయన కోతలు వినడానికి కాదు. ఒక్క సంతకం కోసం. ఏటవాలుగా తవ్వే చమురు బావుల్లో డ్రిల్లింగ్ పైపు ఎలా మెలితిరిగి వణుకుతుందో లెక్కగట్టి పీహెచ్‌డీ రాశాడతను. ఆ లెక్క సరైనదని చూపించడానికి లోకం మొత్తం గాలిస్తే దొరికినవి ఒకే ఒక్క బావి రీడింగులు. గోదావరి పక్క రిగ్గు మీద వాటిని తీసింది, ఖర్మ కొద్దీ, ఈ కిషన్ రావే. తీసినవాడి సంతకం ఉంటే తప్ప రేపు వైవా పెట్టనని ఎగ్జామినర్ భీష్మించాడు. వైవా గట్టెక్కితే నారాయణగూడ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. లేదంటే మళ్లీ కోచింగ్ సెంటరు, చాక్‌పీసు దుమ్ము.

"సంతకం పెట్టండి, వెళ్తాను."

"కూసో డాక్టర్ సాబ్, జర. ఆ బావి కత విను. ఏటవాలు గదా, పైపు పోయి గోడ మీద పండుకుంటది..."

"గోడకు ఒరుసుకుంటుందండీ," అన్నాడు చైతన్య, మొద్దు పిల్లాడికి ఎక్కాలు చెబుతున్నట్టు. "పైన తిరుగుతూనే ఉంటుంది, కింద పట్టేస్తుంది. మెలి పెరిగి పెరిగి ఒక్కసారిగా విడిపోతుంది. అయినా ఇవన్నీ మీకెక్కడ ఎక్కుతాయి లెండి."

"గదే నేను చెప్పేది! పిండిన చీర చెయ్యి జారితే గిర్రున తిరగదా? గట్ల. ఆ ఊపుకు పప్పుచారు గిన్నె ఎగిరి, మా సూపర్వైజర్ నెత్తి మీద టోపీ లెక్క కూసున్నది."

"కోతలు."

"పైపు మెలి జూపే మీటర్ ముల్లు మొదటి దినమే ఇరిగి ఏడనో పడ్డది. ఎంత లెంకినా దొరకలే."

"అదీ కోతే."

"పైపు మూడు తునకలైంది."

చైతన్య పకపకా నవ్వాడు. "ఒక్క పైపూ తెగలేదని ఇప్పుడే కదండీ అన్నారు!"

"నా చేతి కింద తెగలే అన్న. తెగింది నేల కింద!" కిషన్ రావు ఇంకా గట్టిగా నవ్వాడు.

"మీరు నోటితోనే బావులు తవ్వే రకం," అన్నాడు చైతన్య కాగితం ముందుకు తోస్తూ. "ఆ రీడింగులే లేకపోతే మీ గడప తొక్కేవాణ్ణా? నా సూత్రంతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి."

"సచ్చి? గంత మంచిగ కలిసినయా?"

"అచ్చు గుద్దినట్టు."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. పెన్ను తీసుకుని సాగదీసి సంతకం పెట్టాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక కూడా చైతన్య నోరు ఊరుకోలేదు. "పోతూ పోతూ అడుగుతున్నాను. ఇంతసేపూ చెప్పిందాంట్లో ఒక్కటైనా నిజముందాండీ?"

"పప్పుచారు నిజం. ముల్లు నిజం. పైపు నిజం. నేను కల్పించింది ఒక్కటే డాక్టర్ సాబ్."

"ఏదండీ అది?"

"ఆ రీడింగులు."