గదిలో ఉన్నవాడికి సగం

"ఆ ఆర్విల్ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదండీ. ఉత్త దండగ మనిషి!"

ఫోన్‌లో ఆ మాట రాగానే నెల్డా చెయ్యి లైను కట్ చేసే మీట మీదికి పోయింది. ఎదురుగా కూర్చున్న హోలిస్ గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచమ్మాయ్. మాట్లాడనీ" అన్నాడు. గొంతు బొంగురుగా, సగం మాటా సగం గాలిగా వచ్చింది.

పాటల ఊరని పేరుపడ్డ అమెరికాలోని నాష్‌విల్‌లో పొద్దున్నే నెల్డా రేడియో కార్యక్రమం వినని ఇల్లు తక్కువ. వారం రోజులుగా అందులో ఒకటే గొడవ. కలిసి పాటలు కట్టిన జంటల్లో అందరికంటే గొప్ప జంట ఏది? ఈ ఊళ్లో రాజకీయాల దగ్గరైనా అన్నదమ్ములు సర్దుకుపోతారేమో గానీ, పాటల జంటల దగ్గర మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కొట్టుకోగా కొట్టుకోగా రెండు జంటలు మిగిలాయి. గ్రేడీ, మే అనే మొగుడూ పెళ్లాలు ఒకటి. హోలిస్, ఆర్విల్ రెండోది. పదకొండింటికి శ్రోతల ఓట్లు ముగుస్తాయి.

హోలిస్ వచ్చింది గెలవడానికి కాదు. మర్నాడు ఆపరేషన్ చేసి అతని స్వరపేటిక తీసేస్తున్నారు. ఇక ఆ గొంతు ఉండదు. ముప్ఫై ఏళ్ల కిందట ఒక పొద్దున ఆర్విల్ వాళ్లు పాటలు కట్టుకునే గదికి రాలేదు. చెప్పాపెట్టకుండా ఊరే వదిలేశాడు. ఉన్నాడో పోయాడో కూడా ఎవరికీ తెలియదు. ఉంటే, ఈ రేడియో వింటే, ఆ పాటల్లో సగం నీవేరా అని తన నోటితో చెప్పాలని హోలిస్ ఆశ. డాక్టరు మాట్లాడొద్దన్నా వినకుండా వచ్చాడు. తీరా వచ్చి కూర్చున్నాక ఆ ఒక్క మాటా పెగలడం లేదు.

"చూడండి గస్ గారూ" అంది నెల్డా ఫోన్‌లోని మనిషితో. "మెంఫిస్ నుంచి అన్నారు కదూ? హోలిస్ గారు ఇక్కడే ఉన్నారు. కాస్త మర్యాదగా..."

"నేనాయన్ని తిట్టానా? ఆయన పాటలంటే ప్రాణం పెడతాను. అది జంట కాదంటున్నాను, అంతే. మీ ఊళ్లో ఓ దిక్కుమాలిన ఆచారం ఉందిగా, పాట పుట్టేటప్పుడు గదిలో ఎవడుంటే వాడికి సమాన వాటా అని! కాఫీ కలిపినా సరే, గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నా సరే. ఆర్విల్ అలాగే పేరు కొట్టేశాడు."

"ఏమయ్యా గస్, ఆచారాలు నాకే నేర్పుతున్నావా?" హోలిస్ ముందుకు వంగాడు. "వాడు గదిలో ఏం చేసేవాడో నీకు తెలుసా?"

"తెలియకేం? సోఫాలో పడి నిద్రపోయేవాడు. లోకమంతా చెప్పుకునేదే కదా."

"నిజమే. నిద్రపోయేవాడు."

"అదిగో, ఒప్పేసుకున్నారు!"

"ముందు వినవయ్యా!" హోలిస్‌కు దగ్గు తెర వచ్చింది. నెల్డా మంచినీళ్లు అందిస్తే చేత్తో తోసేశాడు. "నేను గిటారు పట్టుకుని పల్లవి పాడుతుంటే వాడు గురక పెట్టేవాడు. గురక ఆగలేదా, ఆ కాగితం పరపరా చించేసేవాణ్ణి. ఏదో ఒక పల్లవికి ఠక్కున లేచి కూర్చుని, ‘మళ్లీ పాడు’ అనేవాడు. అదే పాట! జనం పెళ్లిళ్లలో పాడుకునేవన్నీ వాణ్ణి నిద్రలేపినవే."

"ఆ మాత్రానికి పిల్లిని పెంచుకున్నా సరిపోయేది." గస్ నవ్వాడు. నవ్వులో పస లేదు.

"వాడు పోయాక ఎంతమందితో కూర్చున్నాననుకున్నావ్! అందరూ పేరున్నవాళ్లే. ప్రతివాడూ అబ్బా, అద్భుతం అనేవాడే. ఒక్కడూ గురక పెట్టలేదు. ఈ ముప్ఫై ఏళ్లలో నేను కట్టిన పాట ఒకటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటి! చెప్పవేం?"

ముసలాయన మొహం ఎర్రగా కందిపోయింది. ఈ గొడవలో ఆయనకేమైనా అయితే తన గతేమిటని నెల్డా భయపడింది. చాలించండి అని సైగ చేసింది. హోలిస్ అటు చూస్తే కదా!

"మరి అంత గొప్పవాడు ఎందుకు వెళ్లిపోయాడు?" గస్ గొంతు తగ్గింది.

"నాకేం తెలుసు? ఆ రోజు చీకటి పడేదాకా గదిలో కూర్చున్నాను. మర్నాడూ కూర్చున్నాను."

"సిగ్గేసి ఉంటుంది. కనిపించిన ప్రతివాడూ ‘ఇందులో నువ్వు రాసిందేదోయ్’ అంటే ఎన్నాళ్లని నవ్వి ఊరుకుంటాడు? ఇంకొకడి బిడ్డకి తండ్రినని చెప్పుకు తిరగడం ఎంత నరకమో మీకేం తెలుస్తుంది?"

హోలిస్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"సిగ్గా? ఆ ముక్క నా మొహాన చెప్పి ఏడవొచ్చుగా!" గొంతు చీలిపోయింది. అయినా ఆగలేదు. "రేపట్నుంచి నాకు మాట లేదు. అందుకే ఇప్పుడే చెప్తున్నా, విను. ఆ పాటల్లో సగం వాడివి. ఆచారమని ఇవ్వలేదు, జాలిపడీ ఇవ్వలేదు. వాడు లేచి కూర్చోకపోతే అవి పాటలే కావు. వాడు లేని ఇన్నేళ్లూ నేను బతికింది బతుకే కాదు."

నెల్డా కళ్లు తుడుచుకుంది.

"గస్ గారూ, లైన్లో ఉన్నారా?"

బరువుగా ఊపిరి పీల్చిన శబ్దం మాత్రం వచ్చింది. పదకొండు కావస్తోంది. ఇక లాభం లేదని ఆమె మళ్లీ మీట మీద చెయ్యి వేసింది.

హోలిస్ మైకుని దగ్గరికి లాక్కున్నాడు.

"హలో అన్నప్పుడే పట్టేశాన్రా, ఆర్విల్."