సగం షట్టర్

"ఇవాళ కూడా అది పైకి లేవలేదంటే నువ్వు మళ్ళీ ఈ మెట్టెక్కకు," అని కొట్టు యజమాని నిచ్చెన మీదున్న మెకానిక్ మీద అరిచాడు. "షట్టర్ బాగు చేయమంటే దాంతో కబుర్లు చెప్పుకుంటున్నావా?"

మెకానిక్ సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. షట్టర్ ఉలకలేదు, పలకలేదు. తాళాలూ మేకులూ అమ్మే ఆ కొట్టుకి అది సగంలో వేలాడుతూనే ఉంది. రాత్రిళ్ళు లోపలి జాలీ తలుపుకే తాళం. పగలు కొనేవాళ్ళు వంగి లోపలికి వెళ్ళి, వంగి బయటికి వస్తున్నారు.

"మీ మేకులు కావాలంటే ముందు మీకు దండం పెట్టాలా అయ్యా?" అంటూ ఒకాయన నడుం పట్టుకుని బయటపడ్డాడు.

రోడ్డుకి అవతల బైనాక్యులర్స్‌తో నిలబడ్డ టీచరమ్మ ఇదంతా చూస్తోంది. ఆ ప్రాంతంలో ఉన్న పక్షులన్నిటినీ కొందరు పక్షి ప్రేమికులు కలిసి సర్వే చేసి పుస్తకం వేస్తున్నారు. అందులో బజారు ఆమె వంతు. పిట్ట కనిపించినంత మాత్రాన చాలదు, అది వచ్చిపోయే చుట్టం కిందే జమ. నోట్లో పురుగుతో గూట్లోకి దూరడం కళ్ళారా చూస్తేనే అది ఊరి పిట్ట. ఎర్రతోక పిట్ట మన ఊరిదేనని ఆమె అంటే మిగతావాళ్ళు నవ్వారు. సర్వేకి ఇదే ఆఖరి వారం.

ఆ పిట్ట ఇప్పుడు కరెంటు తీగ మీద ఉంది. నోట్లో పురుగు వేలాడుతోంది. తోక చిరాగ్గా కొట్టుకుంటోంది. మెకానిక్ నిచ్చెనని ఎడమ చివరికి జరుపుకోగానే కుడి చివర, షట్టర్ చుట్టుకునే డబ్బాలోకి చటుక్కున దూరింది. లోపల సన్నగా కిచకిచలు.

టీచరమ్మ గెలిచింది. ఆ గెలుపు చేతిలో అరనిమిషం నిలవలేదు. షట్టర్ లేస్తే మిగతా సగం కూడా చుట్టుకునేది ఆ డబ్బాలోనే. గూడూ, పిల్లలూ నుజ్జయిపోతాయి. పొద్దున ఊరిదని రాసిన పిట్టని సాయంత్రానికి జాబితాలోంచి కొట్టేయాలి.

ఆమె రోడ్డు దాటింది.

"అన్నగారూ, ఒక్క మాట. ఆ డబ్బాలో పిట్ట పిల్లలున్నాయి. అవి ఎగిరేదాకా షట్టర్ జోలికి పోకండి."

"మళ్ళీ వచ్చారా టీచరమ్మా? మీరు ఆ గొట్టాలు కళ్ళకి పెట్టుకుని నా కొట్టుకేసి చూస్తుంటే, పన్నులవాళ్ళనుకుని జనం ఎదురుకొట్టుకి పోతున్నారు. నా కొట్లో పిట్టా లేదు, గిట్టా లేదు."

"ఇప్పుడే చూశానండీ. రాసుకున్నాను కూడా."

"నా దగ్గర ఏ తాళాలున్నాయో నేనూ రాసుకుంటాను, అమ్ముకోవడానికి. మీరు రాసిన పిట్టల్ని ఏం చేసుకుంటారు?"

"ఏది ఎక్కడ బతుకుతోందో తెలిస్తేనే కదండీ కాపాడుకునేది."

"అయితే నా కొట్టు పేరు మాత్రం పుస్తకంలో వేయకండి. రేపట్నుంచి గొట్టాలున్నవాళ్ళంతా నా గుమ్మం ముందే ఉంటారు."

"పసికూనలండీ. పాపం."

"పాపాన్ని ఏ పద్దు కింద రాయను? ఆ పిట్ట నాకు అద్దె కడుతుందా, మేకులు కొంటుందా?"

లోపల గల్లాపెట్టె ముందున్న ఆయన భార్య తల ఎత్తింది. "ఇదిగో నా నుదురు చూడండమ్మా. ఆ షట్టర్‌కి కొట్టుకుని ఇది రెండో బొప్పి. ఈయనగారు చవగ్గా దొరికాడని వీణ్ణి పట్టుకొచ్చారు. రేపటికి తేలకపోతే నేనే వేరేవాణ్ణి పిలుస్తాను."

"విన్నావురా?" అని యజమాని మళ్ళీ మెకానిక్ మీద పడ్డాడు.

మెకానిక్ నిచ్చెన కుడివైపుకి జరపబోయాడు.

"అటెందుకు? నువ్వు ఉద్ధరించింది చాలు, ఇక వెళ్ళు."

అంతలో ఒక పిల్లి మెట్టెక్కింది. యజమాని చేతికందిన తాడుముక్క విసిరాడు. "దీని పీడొకటి. పొద్దస్తమానం ఇక్కడే."

ఈ మనిషిలో తడి అనేది చుక్క కూడా లేదని టీచరమ్మ తేల్చేసుకుంది. యజమాని దగ్గర బేరం కుదరనప్పుడు పనివాడితో కుదుర్చుకోవాలి. సందు మలుపులో, టీ బండి దగ్గర మెకానిక్‌ని పట్టుకుంది.

"బాబూ, నీకు పుణ్యముంటుంది. ఆ షట్టర్ ఇప్పట్లో బాగు చేయకు."

"చేయనమ్మా."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "అడిగితే స్ప్రింగ్ దొరకలేదని చెప్పు."

"ఆ అబద్ధం పోయినవారమే వాడేశాం. ఇప్పుడు బేరింగు మీద నడుస్తోంది."

"మరి రేపు ఆవిడ వేరేవాణ్ణి పిలుస్తానంటోంది కదా?"

"పిలవనీండి. ఈ ఊళ్ళో షట్టర్ల పని తెలిసిన రెండోవాడు మా తమ్ముడే. వాడికీ చెప్పి ఉంచారు."

"ఎవరు చెప్పి ఉంచారు?"

మెకానిక్ టీ ఊదుకుంటూ కొట్టువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మెత్తనివాడని తెలిస్తే బజారంతా బేరాలాడి చంపేస్తుందట, ఎక్కడా అనకండమ్మా. పని చేయనందుకు ఆయన నాకు రోజూ కూలి ఇస్తున్నారు. అందరి ముందూ తిట్టినందుకు కాస్త వేరే."