చుక్కల బొమ్మ

"అమ్మగారూ, కనబడుటలేదు అయిపోనాదా?"

సాయంత్రం వార్తల వేళ లోవమ్మ గొంతు కిటికీ బయట వినిపించాల్సిందే.

ఎండుచేపలమ్ముకునే మనిషి. ఏ ఊరో చెప్పదు. నర్సీపట్నం బస్టాండులో పడుకుంటుంది.

సీరియల్ అక్కర్లేదు, సినిమా అక్కర్లేదు. వార్తలయ్యాక తప్పిపోయినవాళ్ల ఫోటోలు వేస్తారే, ఆ 'కనబడుటలేదు' ప్రకటనలు చాలు. కిటికీ ఊచలు పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూసేది.

"ఎవరికోసమే?" అంది ఓసారి ఆ ఇంటావిడ పుష్పవతి.

"మావోడి కోసమే తల్లీ."

అయ్యో పాపం, కొడుకు తప్పిపోయాడన్నమాట, అనుకుంది పుష్పవతి.

వైజాగ్ టవర్ నుంచి యాంటెన్నాకి వచ్చే బొమ్మ అది. ఒక మొహం పక్కన ఇంకో మొహం నీడలా కనిపిస్తుంది. పైనంతా చుక్కలే.

పుష్పవతి మొగుడు మన్మథరావు విసిగిపోయి, రెండువేల ఆరులో డిష్ పెట్టించాడు.

"అద్దంలా లేదూ!"

ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు. బొమ్మ అద్దంలానే ఉంది గానీ, వైజాగ్ టవర్ నుంచి వేసే ఆ ప్రకటనలు అందులో రావు.

"బావూ, ఆ పాత తీగ ఒక్కపాలి తగిలించండి బావూ. సుక్కలున్నా పర్నేదు, మొకం పోల్చుకుంతాను."

"డిష్ పెట్టుకుని మళ్లీ ఆ చుక్కల బొమ్మేటి? ఎల్లెల్లు!"

పుష్పవతి వంటింట్లోకి వెళ్లిపోయింది.

లోవమ్మ మర్నాడూ వచ్చింది. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు.

"ఆ ఎండుచేపల ముసిల్ది జొరమొచ్చి పోనాదమ్మా" అంది పాలు పోస్తూ గున్నమ్మ. "ఎవులూ నేరని పంచాయతీవోళ్లే కాల్చీసినారు."

ఆ పూట పుష్పవతికి అన్నం సయించలేదు. వార్తల వేళకి కిటికీ వైపు చూడాలంటే భయం. ఊచల మీద ఇంకా ఆ వేళ్లున్నట్టే ఉండేది.

ఆ వారమే ముసురు పట్టింది. అంత గొప్ప డిష్షూ వానకి చేతులెత్తేసింది. తెరంతా నలుపు.

"ఏదండీ మీ అద్దం?" అంటూ పుష్పవతి పాత తీగ తగిలించింది.

గరగరమంటూ చుక్కల్లోంచి బొమ్మ తేలింది. వార్తలు అయిపోయాయి. కనబడుటలేదు మొదలైంది.

"వయసు అరవై. ఇంట్లో కోపగించుకుని వెళ్లిపోయినది. అమ్మా, తప్పు నాదే, ఎక్కడున్నా ఇంటికి వచ్చేయవలెను. ఇట్లు, కొడుకు పైడయ్య."

తెర మీద ఒక మొహం, పక్కనే దాని నీడ.

మన్మథరావు గబుక్కున కిటికీ వైపు తిరిగాడు. అక్కడ వాన తప్ప ఎవరూ లేరు.

"ఏవండీ, లోవమ్మ..." అంటూ పుష్పవతి కిటికీ దగ్గరికెళ్లింది.

కొడుకు తనని వెతుకుతున్నాడేమో చూసుకోడానికే లోవమ్మ రోజూ ఆ ఊచలు పట్టుకుని నిలబడింది.