వరస తప్పిన రివెట్లు

"ఇది యుద్ధనౌకా, తట్టు పోసిన పిల్లాడి ముఖమా?" అన్నాడు కమాండర్.

హాలంతా నవ్వింది. కమాండర్ జోకు వేసినప్పుడు నవ్వకపోతే మార్కులు తగ్గుతాయని అక్కడ అందరికీ తెలుసు.

కమాండర్ అన్నది హోదా కాదు, వెనకాల జనం పెట్టిన పేరు. ఆయన జన్మలో ఓడ ఎక్కలేదు. పడవ ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. కానీ పాత యుద్ధనౌకల మీద రెండు పుస్తకాలు రాశాడు. తనే అచ్చు వేయించుకుని, తనే పంచిపెట్టి, తనే పొగిడాడు. ఆ అర్హతతోనే ఏటా లైబ్రరీలో జరిగే కాగితపు నమూనాల పోటీకి ఆయనే జడ్జి.

ఈసారి ఆయన నోటికి చిక్కింది గడియారాలు బాగుచేసే ఒక బక్కపల్చటి మనిషి. పద్నాలుగు నెలలు కూర్చుని, దళసరి కాగితంతో నూట అరవై ఏళ్ల నాటి ఇనుప కవచపు ఓడని చేశాడు. మూరెడు పొడవు. ఫిరంగులు తిరుగుతాయి. పొగగొట్టం మీది నిచ్చెన మెట్లు లెక్కపెట్టుకోవచ్చు. గెలిచిన నమూనాని ఏడాదిపాటు లైబ్రరీ గుమ్మం దగ్గర ఉంచుతారు. తన ఓడ అక్కడ నిలబడాలనీ, దాని కింద అక్క పేరు రాయించాలనీ అతని ఆశ.

ఆ ఓడ పిచ్చి అంటించింది అక్కే. చిన్నప్పుడు దాని కథ ఉన్న పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని రోజూ చదివి వినిపించేది. కరెంటు పోయినా కథ ఆగేది కాదు. చదివి చదివి చివరికి ఆ పుస్తకంలో అక్షరాలే అరిగిపోయాయి. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు. తమ్ముడికి మాత్రం అది మొదటి మాట నుంచి చివరి మాట దాకా కంఠతా వచ్చు.

కమాండర్ జేబులోంచి భూతద్దం తీశాడు.

"రివెట్లు చూడండి" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో.

ఇనుప రేకుల్ని బిగించే ఆ రివెట్ల కోసం, కాగితాన్ని వెనకనుంచి మొద్దు సూదితో నొక్కి, ఓడ పక్కల పొడవునా చిన్న చిన్న బుడిపెలు తేల్చాడు గడియారాల మనిషి.

"రివెట్లన్నాక ఒక వరస ఉండాలి. ఇక్కడ రెండు, అక్కడ నాలుగు, మధ్యలో ఖాళీ! ఏమయ్యా, మీ ఇంట్లో స్కేలు లేదా?"

"ఉందండీ. స్కేలు పెట్టే నొక్కాను."

"స్కేలు పెడితేనే ఇంత వంకరా? పైగా ఒక్కోటీ ఆవగింజంత! ఈ లెక్కన అసలు ఓడకి గుమ్మడికాయలు బిగించి ఉండాలి!"

మళ్లీ నవ్వులు.

"అవి తప్పులు కావు సార్. ఒక్కోటీ రెండేసిసార్లు సరిచూసుకున్నాను. అవి..."

గడియారాల మనిషి కిటికీ వైపు చూసి ఠక్కున ఆగిపోయాడు. అక్కడ కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఓడలో ఏం చేశాడో ఆమెకి ఇంకా చెప్పలేదు. ఫలితం వచ్చాకే బయటపెడదామనుకున్నాడు.

కమాండర్ కూడా అటు చూశాడు.

"ఎవరావిడ, మీ అక్కా? చూశారా, సొంత తమ్ముడు చేసిన ఓడ వైపు ఆవిడే తల తిప్పడం లేదు. పాపం, ఆవిడకైనా సిగ్గుంది."

అక్క పెదవులు బిగుసుకున్నాయి. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. కమాండర్ పీక పిసకాలన్నంత కోపం వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుమని పది రివెట్లు వరసగా నొక్కలేని చేతులతో జనం గడియారాలు విప్పుతున్నావా నువ్వు? ఇది పోటీకే పనికిరాదు. తీసెయ్!"

ఓడ ముందున్న 'ముట్టుకోరాదు' అన్న అట్టముక్కని కమాండర్ రెండు వేళ్లతో ఎత్తి అవతల పారేశాడు.

"ఇక దీన్ని ఎవరైనా పిసుక్కోవచ్చు."

అందరికంటే గట్టిగా నవ్వింది పోయినేడు గెలిచినవాడు. వాడికి ఈ ఏడు కూడా గెలవాలని ఉంది.

గడియారాల మనిషి ఓడని రెండు చేతులతో ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, అక్క ఒళ్లో పెట్టాడు.

"గెలవలేదక్కా" అన్నాడు. "అయినా ఇది నీదే. నీకోసమే చేశాను."

"చూడండమ్మా, బాగా చూడండి!" వెనకనుంచి కేకేశాడు కమాండర్. "ఆ వంకరటింకర రివెట్లకి ఏమైనా అర్థం ఉంటే, మీరే మాకు చెప్పండి!"

హాలు మళ్లీ నవ్వడానికి సిద్ధమైంది.

పుట్టుకతో చూపులేని అక్క, ఓడ ముక్కు దగ్గర మొదలుపెట్టి, రివెట్ల మీద వేలికొసలు జరుపుకుంటూ, అరిగిపోయిన ఆ పాత పుస్తకంలోని మొదటి వాక్యాన్ని అందరికీ వినబడేలా చదివింది: "ఇనుప ఓడ నీళ్లలో తేలదని మొట్టమొదట నవ్వినవాళ్లు నిపుణులే."